కంబదూరు కొండల్లో చెట్ల చదువు

అడవి అనగానే మనవాళ్ళకు నల్లమల గుర్తుకు వస్తుంది. లేకపోతే మారేడుమిల్లి, తలకోన. పచ్చదనం, సెలయేరు, పులి - ఈ మూడూ లేనిదే దానిని అడవి అని ఒప్పుకోవడానికి మనకు మనసు రాదు. అందుచేత అనంతపురం జిల్లాలో అడవి వున్నదనీ, ఆ అడవిని పరిశోధించి డాక్టరేట్లు పుచ్చుకున్నవారు వున్నారనీ చెబితే వినేవారు చిరునవ్వు నవ్వి వూరుకుంటారు. "అనంతపురంలో అడవి యెక్కడిదండీ, వేరుసెనగ చేలూ, బండలూ తప్ప!" అంటారు.

ఆ మాటకు జవాబు కావాలంటే కంబదూరు వెళ్ళి రావాలి.

అనంతపురం నుంచి బస్సు కళ్యాణదుర్గం మీదుగా వెడుతుంది. ఊరు దాటిన దగ్గర నుంచీ ఎర్ర నేల, దాని మీద వేరుసెనగ, మధ్య మధ్య కంది సాళ్ళు. అక్కడక్కడ ఏ దేవుడో చిన్నప్పుడు ఆడుకుని వదిలిపెట్టి వెళ్ళినట్టు గుండ్రాళ్ళ గుట్టలు. దూరాన గట్ల మీద గాలిమరలు తిరుగుతూ కనబడతాయి. కళ్యాణదుర్గం దాటి దక్షిణంగా వస్తే కంబదూరు. ఊళ్ళో మల్లికార్జునస్వామి పాత రాతి గుడి వుంది. ఈ మండలం గుండానే పెన్న పోతుంది. నది అన్న మాటే గాని, సంవత్సరంలో చాలాకాలం అది ఇసుక దారి. ఎగువన పేరూరు దగ్గర ఆ నదికి కట్టిన జలాశయమే యెన్నో యేళ్ళపాటు నీటికి మొహం వాచి వుండిపోయింది. ఇంకొంచెం దక్షిణానికి వెడితే పావగడ; అది కర్ణాటక.

ఈ ప్రాంతానికి వాన ఎందుకు రాదో చిన్నతనంలో భూగోళం చదివిన వారందరికీ తెలుసు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. బంగాళాఖాతం నుంచి వచ్చే తుపానులు ఇక్కడికి చేరేసరికి అలసిపోతాయి. రెండు వర్షాకాలాలకూ చివరి పంక్తిలో కూర్చున్న జిల్లా ఇది. జిల్లాలో సగటున సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో ఇంతకంటే తక్కువ వాన పడే జిల్లాల్లో రాజస్థాన్‌లోని జైసల్మేరు ఒకటి.

మరి ఇంత కరువు సీమలో అడవి యెలా బ్రతుకుతున్నది? ఈ ప్రశ్నే ఇక్కడి పరిశోధనకు మూలం.

రాతిలో వేరు

వేసవిలో ఈ కొండలు చూచినవారు ఇక్కడ ప్రాణమున్న చెట్టు ఒక్కటి కూడా లేదని ప్రమాణం చేస్తారు. మోడులు, కంపలు, కాలిన గడ్డి. తొలకరి పడి రెండు వారాలు గడచిన తరువాత వచ్చి చూడండి. ఆ మోడులే చిగిర్చి వుంటాయి. తంగేడు పసుపుపచ్చగా నవ్వుతూ వుంటుంది. బందారు, కలివి, పరికి, దేవదారి, చండ్ర, బిల్లుడు, పాలకొడిశ - ఒక్కొక్కటీ తన పేరు తాను చెప్పుకుంటున్నట్టు బయటపడతాయి. కంబదూరు, కుందుర్పి ప్రాంతపు గుట్టల్లో ఎలుగుబంట్లు కూడా వున్నాయి. సీతాఫలాల కాలంలో వాటికీ మనుషులకూ ఒకే పొదల దగ్గర పని పడుతుంది!

ఈ జిల్లా అడవికి పెద్ద దిక్కు నారేపి. శాస్త్రజ్ఞులు దీనిని హార్డ్‌వికియా బైనేటా అంటారు. ఆకు చూస్తే మరచిపోలేము. రెండే రెండు రేకులు, సీతాకోకచిలుక రెక్కలు విప్పి వాలినట్టు వుంటాయి. కొమ్మలు కిందికి వాలి, గాలికి చామరాలలాగా వూగుతాయి. బెరడు లోపలి నారతో వెనుక పగ్గాలు పేనేవారు. అందుకే పేరులో నార చేరింది. మేత కరువైనప్పుడు ఈ ఆకే పశువుల నోటికి ఆధారం. చేవ ముక్కను నీళ్ళలో వేస్తే తేలదు, మునిగిపోతుంది. మన దేశపు కలపలో ఇంత బరువైనవి కొద్ది. 1968లో చాంపియన్, సేఠ్ అనే ఇద్దరు అటవీ శాస్త్రజ్ఞులు భారతదేశపు అడవులను తరగతులుగా విభజించి వ్రాసినప్పుడు నారేపి అడవికి విడిగా ఒక తరగతి యిచ్చారంటే దీని గౌరవం తెలుస్తుంది.

ఈ చెట్టు బ్రతికే తీరే ఒక కథ. గింజ మొలకెత్తగానే మిగతా మొక్కలలాగా ఆకాశం వైపు తొందరపడదు. ముందు వేరును కిందికి పంపుతుంది. మొలక జానెడు పైకి రాకముందే వేరు దానికి ఎన్నో రెట్లు లోతుకు దిగుతుంది. రాతిలో సన్నని పగులు దొరికితే చాలు, అందులో దూరి తడిని వెదుక్కుంటుంది. ఎండలకు పై కొమ్మ మాడిపోతుంది. మళ్ళీ వానకు మరో కొమ్మ వస్తుంది, మళ్ళీ మాడుతుంది. ఇలా కొన్నేళ్ళపాటు పైన చూచేవారికి అది యెదగని మొక్క. లోపల మాత్రం దాని సంసారం పెరుగుతూనే వుంటుంది. వేరుకు కావలసిన లోతు చిక్కిన తరువాత గాని మాను లేవదు.

కాబట్టి ఈ అడవిని పైనుంచి చూచి లెక్కకట్టినవాడు తప్పకుండా మోసపోతాడు. దీనిని చదవాలంటే కూర్చుని, యేళ్ళ తరబడి చూడాలి. అటువంటి చూపు కలవారిని తయారుచేయడమే విశ్వవిద్యాలయాల పని.

పేరు పెట్టినవారు

మన చెట్లకు శాస్త్రీయమైన పేర్లు పెట్టే పని మన తెలుగు గడ్డ మీద కూడా జరిగిందని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాచి వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో గోదావరి సీమలోని సామర్లకోటలో వుండేవాడు. 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళేదాకా మన చెట్లను సేకరించి, మన చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలలో నుంచి యేరిన 300 చిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది.

అతడు పల్లెల్లో వాడే తెలుగు పేర్లు కూడా అడిగి వ్రాసుకున్నాడు. సోమిద అనే చెట్టు వుంది. దాని చేదు బెరడు జ్వరానికి మందు. ఆ తెలుగు పేరే తరువాత సోయ్‌మిడా అని లాటిన్ వేషం వేసుకుని ప్రపంచమంతటా ఆ ప్రజాతికి శాస్త్రీయ నామమయింది. ఈనాడు ఏ దేశపు వృక్షశాస్త్ర గ్రంథం తెరచినా ఆ చెట్టు దగ్గర మన పల్లెటూరి మాట కనబడుతుంది. నారేపికి మాత్రం ఆ అదృష్టం పట్టలేదు. కంపెనీ సైన్యంలో అధికారి, ప్రకృతి పరిశీలకుడు అయిన థామస్ హార్డ్‌విక్ పేరు దానికి దక్కింది.

తరువాతి తరంలో మద్రాసు అటవీశాఖ అధికారులు ఈ పని చేశారు. బెడ్డోమ్ అడవి చెట్ల బొమ్మల గ్రంథం వేశాడు. గాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు రాజధాని వృక్షజాలం 1915 నుంచి భాగాలుగా వచ్చింది. ఆయన పోయిన తరువాత ఫిషర్ దానిని 1936 నాటికి పూర్తిచేశాడు. గొప్ప గ్రంథమే. కాని గంజాం నుంచి తిరునల్వేలి దాకా మొత్తం రాజధానికంతా అది ఒక్కటే గ్రంథం. దానిలో అనంతపురానికి దక్కిన చోటు ఎంత వుంటుంది? పెళ్ళిపందిట్లో చివరికి వచ్చిన చుట్టానికి దొరికినంత!

అదీగాక ఆ రోజుల్లో అటవీ విద్య అంటే కలప విద్య. 1878లో డెహ్రాడూన్‌లో పెట్టిన పాఠశాల గాని, 1912లో కోయంబత్తూరులో పెట్టిన కళాశాల గాని ముఖ్యంగా అటవీ ఉద్యోగులను తయారుచేసేవి. ఏ మానుకు ఎంత ధర, ఎన్నేళ్ళకు కొట్టాలి అన్నది వారి లెక్క. ఓడకూ, రైలు పట్టాకూ పనికిరాని కంప అడవి గురించి తలబద్దలు కొట్టుకునేవారు కొద్దిమందే.

ఇటుకలపల్లి బీరువాలు

ఆ లోటు తీర్చే పని అనంతపురంలోనే మొదలయింది. 1968లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వారు అనంతపురంలో పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రం తెరిచారు. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా మారింది. పట్టణానికి వెలుపల ఇటుకలపల్లి దగ్గర, అదే ఎర్రనేలలో వుంది.

అక్కడి వృక్షశాస్త్ర శాఖలో ఆచార్య తమ్మినేని పుల్లయ్యగారు పెట్టుకున్న లక్ష్యం వినడానికి చిన్నది. చేయడానికి మాత్రం ఒక జీవితకాలం పట్టేది. ఒక్కొక్క జిల్లాను తీసుకుని, అందులో యే మొక్క, యే కొండ మీద, యే నెలలో పూస్తుందో చూచి వ్రాయాలి. విద్యార్థులు జిల్లాలు పంచుకున్నారు. ఎన్. యశోదగారితో కలిసి ఆయన వ్రాసిన అనంతపురం జిల్లా వృక్షజాలం 1989లో వెలువడింది. 1995లో కర్నూలు జిల్లా గ్రంథం వచ్చింది. మరికొన్ని జిల్లాలవీ వచ్చాయి. 1997లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ మూడు సంపుటాల వృక్షజాలం పూర్తయింది. ఆ తరువాత తూర్పు కనుమల మీద పడ్డారు.

ఈ గ్రంథాలకు వెనుక నిలబడిన సాక్ష్యం విశ్వవిద్యాలయంలోని హెర్బేరియం. ఆ మాట కొత్తగా తోచేవారికి ఒక ముక్కలో చెబుతాను: అది ఎండిన మొక్కల గ్రంథాలయం. బీరువాలో అరలు, అరల్లో అట్టలు, ఒక్కొక్క అట్ట మీద ఒక కొమ్మ - ఆకుతో, పువ్వుతో, వీలయితే కాయతో. కింద కుడి మూలన ఒక చీటీ: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కోశారు, ఆ ఊళ్ళో దానినేమంటారు. ఒక మొక్క ఫలానా కొండ మీద వుండేదని రేపు ఎవరైనా వాదిస్తే న్యాయస్థానంలో దస్తావేజులాగా ఆ అట్ట సాక్ష్యం చెబుతుంది. యాభై యేళ్ళ తరువాత ఆ కొండే కంకరగా మారిపోయినా, ఆ కొండ మీద ఒకప్పుడు యేమి పూసిందో అక్కడ వుంటుంది.

పుల్లయ్యగారి తరువాత ఆచార్య బి. రవిప్రసాదరావుగారూ, వారి విద్యార్థులూ ఆ వెదుకులాటను కొనసాగించారు. లోకానికి అంతవరకూ తెలియని బ్రాకిస్టెల్మా జాతి మొక్క నొకదానిని నల్లమలలో గుర్తించి 2013లో ప్రకటించి, ఆ కొండల పేరే పెట్టారు. ఈ కుటుంబపు మొక్కలు కూడా నారేపికి తగిన చెల్లెళ్ళే. సంవత్సరంలో చాలాకాలం నేలలో దుంపగా పడుకుని, వానలకు కొద్ది వారాలు మాత్రం పైకి వచ్చి, చిన్న పువ్వు పూసి మళ్ళీ మాయమవుతాయి. ఆ కొద్ది వారాల్లో ఆ దారిన నడచినవాడికే దర్శనం.

అడవిలో పాఠశాల

ఈ విద్యార్థుల చదువు యెలా వుంటుందో చూద్దాం. తెల్లవారుజామున మొదటి బస్సు. భుజాన సంచీ, అందులో పాత వార్తాపత్రికలు, కత్తెర, భూతద్దం, టేపు, నోటుపుస్తకం, నీళ్ళ సీసా. మధ్యాహ్నానికి చద్ది మూట. కొండ మీద తాడుతో ఒక చదరం కొలిచి, దానిలో వున్న ప్రతి చెట్టునూ లెక్కపెట్టాలి. ప్రతి మాను చుట్టుకొలతనూ మనిషి రొమ్ము ఎత్తున, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర కొలవాలి. మన దేశంలో అటవీ పరిశోధకులు సాధారణంగా కొలిచేది ఆ ఎత్తుననే. మొలకలు ఎన్ని, మోడులు ఎన్ని, గొడ్డలి దెబ్బలు ఎన్ని, అన్నీ వ్రాసుకోవాలి. పువ్వు వున్న కొమ్మ కోసి వార్తాపత్రిక మడతలో పరిచి, చెక్కల మధ్య బిగించాలి. రోజూ కాగితం మార్చాలి. మరచిపోతే బూజు పట్టి ఆ ప్రయాణమంతా వృథా.

అన్నిటికంటే కష్టమైన పాఠం పేరు కనుక్కోవడం. పుస్తకంలో ప్రశ్నలు వరుసగా వుంటాయి: ఆకులు ఎదురెదురుగా వున్నాయా, మార్చి మార్చి వున్నాయా? పాలు కారుతున్నాయా? పువ్వుకు రేకులు నాలుగా, అయిదా? ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు చెప్పుకుంటూ పోతే చివరికి పేరు దొరుకుతుంది. ఒక్క జవాబు తప్పితే పొరుగింటి వాకిట్లో తేలతాము. మొదటి సంవత్సరం విద్యార్థికి ప్రతి కంపా ఒకటిగానే కనబడుతుంది. మూడో సంవత్సరానికి బస్సు కిటికీలోంచి చూచి పేరు చెబుతాడు.

పుస్తకంలో లేని పాఠం చెప్పే గురువు ఇంకొకడున్నాడు - మేకల కాపరి. ఈ కొండల్లో తిరిగేవారికి ఇటువంటి సంభాషణ తరచుగా వినబడుతుంది.

"ఏమ్మా, పొద్దన్నుంచి ఈ కంపల్లో దేవులాడుతాండారు, ఏమన్నా పోగొట్టుకుంటిరా?"

"లేదు తాతా, చెట్ల పేర్లు రాసుకుంటున్నాం."

"చెట్ల పేర్లు తెలుసుకునేకి గూడా కాలేజీ సదువులు గావల్లనా!"

"మీలాగా మాకు తెలియదు కదా తాతా. ఇదేమంటారు?"

"ఇది నారేపి తల్లీ. మా నాయన దీని నారతోనే పగ్గాలు పేనుతాండె. ఆ పక్కన వుండేది బందారు. దాన్ని మేకలు ముట్టవు. అందుకే అదొకటి బాగా మిగిలింది సూడు."

అమ్మాయి నోటుపుస్తకంలో వ్రాసుకుంటుంది: బందారు, మేకలు తినవు. నాలుగు మాటలు కూడా లేవు గాని, ఆ కొండ మీద యే చెట్టు తగ్గింది, యేది పెరిగింది, ఎందుకు అన్న పెద్ద ప్రశ్నకు సగం జవాబు అందులో వుంది. కొలతలు తీసి, పట్టికలు వేసి, ఆ సగాన్ని రుజువు చేయడం ఆమె పని. మిగతా సగం కనుక్కోవడం కూడా ఆమె పనే.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక సందేహం వస్తుంది. ఆడపిల్లను ఎలుగులు తిరిగే కొండలకు పంపడమేమిటి? చెట్లు లెక్కపెట్టే చదువుకు పెళ్ళి సంబంధాలు వస్తాయా, ఉద్యోగాలు వస్తాయా? ఈ సందేహం కొత్తది కాదు. తలశ్శేరిలో 1897లో పుట్టిన జానకి అమ్మాళ్ ఇంట్లోనూ ఇటువంటి మాటలు రాకపోలేదు. ఆమె పెళ్ళి మాట కాదని వృక్షశాస్త్రం చదివి, 1931లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందింది. స్వతంత్రం వచ్చాక దేశపు వృక్ష సర్వేక్షణను తిరిగి నిలబెట్టే బాధ్యతను ప్రభుత్వం ఆమెకే అప్పగించింది. అందరూ జానకి అమ్మాళ్‌లు కానక్కరలేదు. అయినా చదువు విలువను జీతపు చీటీ ఒక్కటే నిర్ణయించదని ఆమె జీవితం చెబుతుంది. కొండలకు ఒంటరిగా ఎవరినీ పంపరు. జట్టుగా వెడతారు, ఊరివారిని ఒకరిని తోడు తీసుకుంటారు, పొద్దు వాలకముందే దిగివస్తారు.

మర్రిమాను పక్కన మరో చెట్టు

కంబదూరు నుంచి జిల్లా రెండో కొసకు, కదిరి వైపు వెడదాం. 2022లో జిల్లాను విడదీసిన తరువాత అది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఆ వైపున తిమ్మమ్మ మర్రిమాను వుంది. 1989లో గిన్నిస్ పుస్తకంలో దానికి చోటు దొరికింది. బస్సుల్లో జనం వచ్చి, ఊడల మధ్య ఫోటోలు తీయించుకుని, పులిహోర తిని వెడతారు. మంచిదే, చూడవలసిన చెట్టే.

కాని ఆ కదిరి ప్రాంతంలోనే కాలసముద్రం అడవిలో ఇంకొక చెట్టు వుంది. దానిని చూడడానికి ఎవరూ రారు. రావి ఆకులాంటి ఆకు, గాలి నింపిన తిత్తిలాంటి పలుచని కాయ. శాస్త్రజ్ఞులు దానిని హిల్డెగార్డియా పాపులిఫోలియా అంటారు. పన్నెండవ శతాబ్దంలో జర్మనీలో మందుమొక్కల గురించి వ్రాసిన హిల్డెగార్డ్ అనే సన్యాసిని పేరు ఆ ప్రజాతికి పెట్టారు. ఈ చెట్టును మొదట వర్ణించినది మళ్ళీ మన రాక్స్‌బర్గే. ప్రపంచంలో ఇది మన ద్వీపకల్పంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. ఇక్కడ కూడా వేళ్ళ మీద లెక్కించదగిన చోట్లనే. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో దీనిని అత్యంత ప్రమాదంలో వున్న జాతుల సరసన చేర్చారు.

దాని ప్రాణానికి దాని నారే ముప్పు. బెరడు వలిచి తాళ్ళు పేనుకునేవారు. చుట్టూ బెరడు వలిస్తే యే చెట్టయినా చస్తుంది. వలిచినవాడిని తిట్టి ప్రయోజనం లేదు. అటువంటి చెట్లు లోకంలో ఎన్ని మిగిలాయో అతనికి ఎవరు చెప్పారు? చెప్పాలంటే ముందు ఎవరో ఒకరికి తెలియాలి. తెలియాలంటే ఆ చెట్టును మిగతా చెట్లలోంచి వేరుచేసి చూపగలిగిన కన్ను వుండాలి. ఇది మామూలు చెట్టు కాదని గుర్తుపట్టేవారు లేకపోతే ఒక జాతి లోకం నుంచి వెళ్ళిపోయినా తెలియదు. సంతాప సభ కూడా వుండదు.

గుర్తుపట్టిన తరువాతి మెట్టు ప్రయోగశాల. చిన్న చిగురు ముక్కను గాజు సీసాలోని పోషక పదార్థంలో పెట్టి పిల్ల మొక్కలను తీసే విద్య వుంది. ఎర్రచందనం, వేగిస వంటి చెట్ల మీద అనంతపురం విశ్వవిద్యాలయంలోనే 1990లలో ఆ పని చేశారు. హిల్డెగార్డియాను కూడా ఈ దారిలో పెంచే ప్రయత్నాలు జరిగాయి. కాని సీసాలో మొక్క లేవడం వేరు, రాతి మీద ఆ మొక్క నిలవడం వేరు. సీసాలో వేరుకు అడ్డం వచ్చే రాయి లేదు, ఎండ లేదు, మేక లేదు.

స్కాలర్‌షిప్పు కాలం, చెట్టు కాలం

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వచ్చాము. జాతీయ పరీక్షలో నెగ్గి ఫెలోషిప్పు తెచ్చుకున్న విద్యార్థికి సాధారణంగా అయిదేళ్ళు వేతనం వస్తుంది. మొదటి యేడు చదవడానికి, చివరి యేడు వ్రాయడానికి పోతే, కొండ మీద గడిపేది మూడేళ్ళు. నారేపి ఏటా బాగా కాయదు. కొన్నేళ్ళ కొకసారి అడవి అడవంతా విరగకాస్తుంది. ఆ కాపు రాని మూడేళ్ళలో వచ్చిన విద్యార్థి, ఆ చెట్టు గింజ ఎలా మొలుస్తుందో కొండ మీద చూడకుండానే డాక్టరు అయిపోతాడు! తప్పు అతనిది కాదు. చెట్టు పంచాంగం వేరు, మన కార్యాలయాల పంచాంగం వేరు.

దీనికి మందు వుంది. తమిళనాడులోని ముదుమలై అడవిలో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు 1988లో యాభై హెక్టార్ల భూమి గుర్తించి, దానిలో ప్రతి మానుకూ అంకె వేసి, అప్పటి నుంచీ కొలుస్తూ వస్తున్నారు. విద్యార్థులు వస్తారు, పోతారు. కొలత పుస్తకం మాత్రం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతుంది. అగ్గి వచ్చినప్పుడు ఏ మాను నిలిచింది, కరువులో ఏది పోయింది అన్న సంగతి అక్కడ ఊహ కాదు, లెక్క. అనంతపురం కంప అడవికి కూడా అటువంటి ఖాతా పుస్తకం కావాలి. యాభై హెక్టార్లు కానక్కరలేదు. ఒక గుట్ట, వంద చెట్లు చాలు. ఏటా కొలిచే ఒక కళాశాల వుంటే సరిపోతుంది. దానికి కావలసినది డబ్బు కంటే కూడా మానకుండా చేయడం.

ఆలస్యమయితే పోయేది చెట్లు మాత్రమే కాదు. మేకల కాపరి మనవడు మేకలను అమ్మి బెంగుళూరు వెళ్ళిపోతే, తాత నోట వున్న పేర్లు తాతతోనే పోతాయి. మరోవైపు వృక్షశాస్త్రం చదివే పిల్లలు కూడా కొండ కంటే ప్రయోగశాలనే యెక్కువగా కోరుతున్నారు. చల్లని గదిలో పని, తొందరగా ఫలితం, తప్పు పట్టలేము. అయితే పల్లెలో పేరు తెలిసినవాడూ పోయి, విశ్వవిద్యాలయంలో పేరు నేర్చేవాడూ రాకపోతే, మధ్యన చెట్టు అనాథ అవుతుంది.

గుట్టలు మళ్ళీ లేచాయి

నిరాశపడవలసిన పని మాత్రం లేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలయిన తింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, చుట్టుపక్కల ఊళ్ళవారితో కలిసి వేల ఎకరాల బోడి గుట్టలను కాపాడే పని పెట్టుకుంది. కల్పవల్లి అని దానికి పేరు. కొన్ని మొక్కలు నాటారు, గింజలు చల్లారు. కాని ముఖ్యంగా చేసినది కాపలా: వేసవిలో అగ్గి పడకుండా చూడడం, గొడ్డలి ఆపడం, మేతకు ఒక క్రమం పెట్టడం. యేళ్ళు గడిచేకొద్దీ బోడి గుట్టల మీద పొదలు, పొదలలోంచి మానులు లేచాయి. గడ్డి పెరిగింది, నక్కలూ, తోడేళ్ళూ, పక్షులూ తిరిగి వచ్చాయి. చాలా చెట్లు నాటినవి కావు. ఎప్పుడో నరికిన మొదళ్ళ కింద వేళ్ళు బ్రతికే వున్నాయి. పైన పీడ తొలగగానే అవి తమ పని మొదలుపెట్టాయి.

ఈ సంగతి చదివిన తరువాత కంబదూరు గుట్టలను వేరే కంటితో చూస్తాము. అది చచ్చిన అడవి కాదు, కాచుకుని కూర్చున్న అడవి. ఏ గుట్ట కింద ఇంకా వేళ్ళున్నాయో, ఏది నిజంగా బోడి అయిపోయిందో చెప్పగలిగినవాడు కావాలి. ఆ తేడా తెలియకపోతే ప్రభుత్వం వేళ్ళున్న చోట గుంతలు తీసి కొత్త మొక్కలు పెడుతుంది. వేళ్ళు లేని చోట కంచె వేసి ఊరుకుంటుంది. రెండు చోట్లా డబ్బు నేలపాలే. అటవీ జీవశాస్త్రం చదివిన ఒక్క విద్యార్థి ఒక్క మండలానికి చేయగల మేలు ఇది.

వెళ్ళదలచినవారు ఎండాకాలంలో వెళ్ళవద్దు. ఆగస్టు మొదలు అక్టోబరు దాకా మంచి కాలం. పిల్లలను తీసుకువెళ్ళండి. మల్లికార్జునస్వామి దర్శనం చేసుకుని, ఊరివారిని తోడడిగి, ఎండ పెరగకముందే గుట్ట పాదం దాకా నడవండి. పొదల్లోకి మాత్రం పోవద్దు, ఎలుగులతో వేళాకోళం పనికిరాదు. ఒక నోటుపుస్తకం వెంట వుంచుకోండి. కనబడిన పెద్దవారిని పది చెట్ల పేర్లు అడిగి పిల్లల చేత వ్రాయించండి. ఆకు కోయకుండా బొమ్మ గీయించండి. ఆ పిల్లల్లో ఎవరైనా ఇంటికి వచ్చిన తరువాత పదకొండో చెట్టు పేరేమిటని అడిగితే విసుక్కోకండి. ఆ ప్రశ్నను ఇటుకలపల్లి దాకా పోనివ్వండి. అక్కడి బీరువాల్లో ఇంకా చాలా అట్టలకు చోటుంది.